పొద్దున్నపూట ఆగే మిషన్

డెబ్బై ఆరులో సంతోష్‌నగర్‌లో మేం అద్దెకున్న ఇంటికీ నాగమణమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. అదీ సన్నని గోడ. ఇటు నేను దేవుడి ముందు దీపం వెలిగిస్తుంటే అటు ఆమె గిన్నె దించిన చప్పుడు కూడా వినిపించేది. మార్గశిరంలో చలి ముదిరాక, పొద్దు పొడవకముందే ఆ గోడ అవతలి నుంచి రోజూ ఒక చప్పుడు వచ్చేది. గర్‌ర్‌మని మొదలై సగందాకా పోయి ఆగిపోయేది. ఆ తర్వాత నాగమణమ్మ గొంతు, పసిపిల్లను బుజ్జగిస్తున్నట్టు.

"వద్దా బిడ్డా? సరే తియ్, నువ్వే అల్లుకో. నేనిట్ల పక్కన కూసుంట."

ఆ ఇంట్లో బిడ్డ లేదు. సుగుణ శ్రావణంలోనే కామెర్లతో పోయింది.

నాగమణమ్మది భువనగిరి దగ్గర పల్లె. బస్సుల వర్క్‌షాపులో పనిచేసే కృష్ణయ్యను చేసుకుని పట్నం వచ్చింది. చదువు లేదు. మేం సామాను దింపుకున్న రోజున, అడగకముందే మా గుమ్మంలో నీళ్ల బిందె పెట్టి వెళ్లిన మనిషి. నన్ను చెల్లే అని పిలిచేది. చాలా ఏళ్లకు పుట్టిన ఒక్కతే కూతురు సుగుణ. మలక్‌పేటలో ఆడవాళ్ల కుట్టు కేంద్రంలో అల్లిక మిషన్ నేర్చుకుని, ఎవరో వాడి వదిలేసిన మిషన్ ఒకటి ఇంటికి తెచ్చుకుంది. బల్లకు బిగించిన పొడుగాటి రేకు, దాని మీద దువ్వెన పళ్లలా వరసగా కొక్కేల సూదులు. వాటి మీద అటూ ఇటూ జరిపే పిడి పెట్టెను సుగుణ బండి అనేది. బండి ఒకసారి పోతే ఒక వరస అల్లిక.

అల్లడం కూతురి పని, మిషన్‌ను చూసుకోవడం తల్లి పని. శనివారం శనివారం నాగమణమ్మ పాత పళ్లబ్రష్షుతో సూదుల మధ్య ఉన్ని నూగు దులిపేది, గుడ్డతో తుడిచేది, చిన్న డబ్బాలోంచి నూనె వేసేది. ఆ సాయంత్రమే కూతురి తలకూ నూనె పెట్టి జడ వేసేది. "మా అమ్మకు ఇద్దరు బిడ్డలత్తా, నేనొకదాన్ని, గది ఒకటి" అని సుగుణ నాతో నవ్వేది.

పిల్ల పోయేనాటికి వీధిలోవాళ్లు స్వెట్టర్ల కోసం ఇచ్చిన ఉన్ని సంచిలో అలాగే ఉంది. ఒక్కరు కూడా తిరిగి అడగలేదు. దసరా పోయాక నాగమణమ్మే మిషన్ ముందు కూర్చుంది. ఏళ్ల తరబడి చూసిన పని చేతికి వచ్చేసింది. మొదట బాగానే నడిచింది. చలి మొదలయ్యాక పొద్దున్నపూట బండి కదలనని మొండికేసింది. ఎండ కిటికీలోకి వచ్చాక ఏమీ ఎరగనట్టు నడిచేది.

బతికున్నప్పుడు సుగుణ పొద్దున్నే లేచి, చన్నీళ్లు ముఖాన చల్లుకుని మిషన్ ముందు కూర్చునేది. ఎండ కిటికీలోకి వచ్చేసరికి లేచి కేంద్రానికి పోయేది. అందుకే బండిని ఆపేది బిడ్డేనన్న విషయంలో నాగమణమ్మకు అనుమానం లేకపోయింది. ఆ వేళ బిడ్డది. తాను ముట్టకూడదు.

ఒకరోజు వడపప్పు ప్రసాదం ఇవ్వడానికి వెళ్లాను. గదిలో మసక. ఖాళీ స్టూలు, దాని ముందు గ్లాసులో చాయ్, మీద మీగడ కట్టి ఉంది. అప్పుడే ఎవరో తల దువ్వుకుని లేచి వెళ్లినట్టు గదంతా కొబ్బరినూనె వాసన. సుగుణ దగ్గరికొస్తే వచ్చే వాసనే. స్వామి నామం అనుకుంటూ బయటికొచ్చాను.

ఎదురింటి ఆగమ్మ రొట్టెలు తెచ్చి పెడుతూనే దెప్పేది. "పెండ్లిగాని పోరి, పని చేతులుండంగ పోయింది. ఊకె పోతదా? ఆ మిషన్ ఇంట్ల ఉంచకు."

కృష్ణయ్య ఒకరాత్రి గట్టిగానే అన్నాడు. "లేస్తే దానితోని ముచ్చట్లు. పిచ్చిదానివైతవే. ఐతారం దాకా చూస్త. బాగుగాకుంటే ఎవరికన్న ఇచ్చేస్త."

మర్నాడు నాగమణమ్మ నా దగ్గరకు వచ్చింది. ముఖం వాడిపోయి ఉంది. "మిషన్ పోతే అది యాడికి రావాలె చెల్లే? ఎల్లప్పను పిలుస్త. దీనికి ఏ రోగం లేదని మా ఆయనకు చెప్పిస్త."

ఎల్లప్ప అఫ్జల్‌గంజ్‌లో కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. ఆదివారం పొద్దున్నే రేకుపెట్టె సైకిల్‌కు కట్టుకుని వచ్చాడు. చెప్పులు గడప బయట విడిచి, కాళ్లు దులుపుకుని లోపలికొచ్చాడు. ఆమెకు తోడుగా నేనూ వెళ్లాను. బండిని జరిపాడు. సగంలో ఆగింది. ఒక సూది లాగి వేలితో రాస్తే వేలికి తెల్లగా పేరిన నెయ్యిలాంటిది అంటింది. వాసన చూశాడు.

"ఏం పోసినవక్కా?"

"నూనె తమ్మీ. ఒక్క వారం తప్పలే."

"ఏం నూనె?"

"డబ్బాలది అయిపోయింది. పోరి తలకు పెట్టే కొబ్బరినూనె ఉండె. మంచిదే, కల్తీ లేదు."

ఎల్లప్ప నవ్వబోయాడు. గోడ మీది ఫొటో, దాని దండ చూసి ఆగాడు. "సలికి గడ్డకట్టింది. ఎండ తగిల్తె కరుగుతది, నడుస్తది. గంతే అక్కా."

ఆమె ఆ సూదిని చేతిలోకి తీసుకుంది. "నాకెరుకే. సలికాలం పొయ్యికాడ కరగబెట్టే పెట్టెదాన్ని దాని తలకు" అంది.

"గ్యాసునూనెతోని కడిగి, మిషన్ నూనె ఏస్తే సాలు."

"పొద్దుగాల గూడ నడుస్తదా?"

"నడుస్తది."

"మరి అది…" అని ఆగిపోయింది.

ఎల్లప్పకు అర్థమైంది. గొంతు తగ్గించాడు. "నీకు వద్దంటే ఇయ్యాల పోత. మిషన్ బాగనే ఉన్నదని మా బావకు చెప్త, ఫికర్ చెయ్యకు. కాకుంటే గడ్డ మీద గుంజితే సూదులు ఒంగుతయ్, ఇరుగుతయ్. అన్ని ఆ పిల్ల చేతులు పడ్డ సూదులే గద."

కృష్ణయ్య గుమ్మంలో నిలబడి వింటున్నాడు.

నాగమణమ్మ లేచి స్టవ్వులోంచి కిరసనాయిలు పళ్లెంలో వంచి తెచ్చింది. "నేనే కడుగుత. నువ్వు చూపెట్టు."

ఒక్కో సూదీ తీసి, ముంచి, తుడిచింది. ఎల్లప్ప తొందరపెట్టలేదు, పక్కన గొంతుక్కూర్చుని తుడిచిన సూదులను వరసగా పేర్చాడు. సూదుల కింది నుంచి నూగు పొరలు పొరలుగా వచ్చింది. ఎరుపు ఎవరి మనవడిదో, నీలం ఎవరి బిడ్డదో. బండి కింద చిన్న చక్రానికి ఒక పొడుగాటి తలవెంట్రుక చుట్టుకుని ఉంది. దాన్ని విప్పడానికే ఆమెకు ఎక్కువసేపు పట్టింది. పని అయ్యేసరికి గదిలో కొబ్బరినూనె వాసన లేదు. అంతా కిరసనాయిలు.

మర్నాడు తెల్లవారకముందే దీపం ముందు కూర్చున్నాను. నోట్లో స్తోత్రం ఉంది, చెవులు గోడ దగ్గర ఉన్నాయి. బండి చప్పుడు మొదలైంది. ఈ చివరి నుంచి ఆ చివరికి పోయింది. తిరిగి వచ్చింది. మళ్లీ పోయింది. ఎక్కడా ఆగలేదు. నాగమణమ్మ గొంతు వినిపించలేదు.

వినిపించింది కృష్ణయ్య గొంతు. పడుకున్నచోటి నుంచే అడిగాడు.

"ఆగిందానే?"

"లేదయ్యా."

మిషన్ ఎవరికైనా ఇచ్చేస్తానన్న మనిషి, ఇన్నాళ్లూ ఆ చీకట్లో తనూ చెవి పెట్టి పడుకునే ఉన్నాడని నాకప్పుడు తెలిసింది.

"ఒక్కసారి మెల్లగ జరిపి చూడు" అన్నాడు.

ఆమె జరిపింది. చప్పుడు మెల్లగా, చాలా మెల్లగా కదిలి, ఆ చివరిదాకా పోయింది.