రేసు కారుకు రేడియో పెట్టిన సంగతి

బెల్లంపల్లిలో నా ఈడు వాళ్లు ఇంకా ఒకరిద్దరున్నారు. ఆ రేసు కారులో నేను పెట్టిన రేడియో ఇంజను నడిస్తే పాడేది కాదని వాళ్లు ఇప్పటికీ చెబుతారు. అది శుద్ధ అబద్ధం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తలో, మా ఊళ్లో తునికాకు కాంట్రాక్టు చేసే దొర ఒకాయన హైదరాబాదులో జాగీరు పోయిన ఒక నవాబు ఇంటి నుంచి రెండు సీట్ల రేసు కారు కొనుక్కొచ్చాడు. పైకప్పు లేదు. మూతి పొడుగు. అడుగు నేలకు జానెడెత్తు. ఎడ్లబండే ఆలోచించి నడిచే మా రోడ్ల మీద ఆయనకు వేగం కావాల్సి వచ్చింది. వేగం చాలక పాట కూడా కావాలని బొంబాయి నుంచి కారు రేడియో తెప్పించి నన్ను పిలిపించాడు.

నేను ఉర్దూలో నాలుగు జమాతులు చదివినవాణ్ణి. నా రేడియో విద్యంతా ఉర్దూలో అచ్చయిన ఒక చిరిగిన పుస్తకం, గనుల దగ్గర పారేసిన పాడు సామాను కలిసి నేర్పినదే.

"సర్టిఫికేట్ ఉన్నదా?" అన్నాడు దొర.

"లేదు దొరా."

"మరి నిన్నెట్ల నమ్మాలె?"

"పెట్టినంక ఇనుండ్రి. ఇంజను నడుస్తుంటే పాట పాడకపోతే గీ ఊర్ల మళ్ల రేడియో ముట్ట."

నోటి దురుసు. నాకు వేరే పని రాదు కనుక, ఆ మాటతో నా బతుకును ఆ కారులో పెట్టినట్టయింది.

రేసు కారులో మనిషికే చోటు లేదు, స్పీకరుకెక్కడిది? ఎడమ సీటు ముందు, కాళ్లు పెట్టుకునే చోట బిగించాను. పక్కన కూర్చునే పెద్దమనిషి ఇక మోకాళ్లు గడ్డానికి ఆనించుకోవాల్సిందే. మీట తిప్పాను. పాట వచ్చింది. చుట్టూ చేరిన జనం తలలాడించారు. డ్రైవరు తాళం తిప్పి ఇంజను చాలు చేశాడు. అంతే, పాట మీద గరగర వచ్చి పడింది, జల్లెడలో కంకర పోసినట్టు.

డ్రైవరు పెద్దవయసు సాయిబు. దిగి వచ్చి మెల్లగా అన్నాడు: "బందు జేస్తె పాడుతది, చాలు జేస్తె ఏడుస్తది. ఏం జేసినవ్ భాయ్ దీన్ని?"

సాయంత్రానికి చాయ్ హోటలులో ఆ మాటే నడిచింది.

ఇంజనులో ప్లగ్గు కొట్టే ప్రతి నిప్పురవ్వా రేడియోకు వినబడుతుంది. ఆ రవ్వ నోరు మూయాలి. తొమ్మిది రోజులు ఆ కారు మూతి కింద తల పెట్టి కూర్చున్నాను. ప్రతి ప్లగ్గు తీగకూ ఒక రెసిస్టరు వేశాను, డైనమోకు కండెన్సరు కట్టాను, రేకు మీద రంగు గీకి రాగి పట్టీతో ఇంజనునూ బాడీనీ కలిపాను. దసరాకు ముందు రోజు డ్రైవరూ నేనూ మంచిర్యాల తోవ పట్టాం. కారు ఎంత ఉరికితే పాట అంత తేటగా వచ్చింది. సాయిబు నా వీపు చరిచాడు. ఇతర సాక్షులు ఓ బర్రెల మంద.

దసరా సాయంత్రం ఊరంతా జమ్మి దగ్గరికి కదిలింది. ఉతికిన ధోవతి కట్టుకొని ముందే పోయి నిలబడ్డాను. దొర కారులో కూర్చుని రేడియో పెట్టించాడు. ఇంజను మాత్రం చాలు చేయించలేదు. వెనుక ఎనిమిది మంది హమాలీలు చేతులు ఆనించి నెడుతున్నారు.

పక్కకు ఉరికాను. "ఇంజను చాలు చేయుమనుండ్రి దొరా. ఇప్పుడు మంచిగ పాడుతది."

"పాడుతది తియ్. చాలు జేస్తె ఐదు నిమిషాల్ల జమ్మి కాడుంట. పాట ఎవడింటడు? నన్నెవడు జూస్తడు?"

"ఒక్కసారి. అందరు ఇనాలె."

"ఇంటుండ్రు గద. జర సప్పుడు జేయకు."

వెనుక నుంచి వినబడుతూనే ఉంది. "ఇంకా బాగుకాలేదట. గందుకే నెడుతుండ్రు." "సర్టిఫికేట్ లేనోనికిస్తే గంతే మరి." సాయిబు ఖురాను మీద ఒట్టేసి చెప్పాడు. దోస్తు సాక్ష్యం చెల్లదన్నారు.

ఏడాది పాటు నా గడపకు ఒక్క రేడియో రాలేదు. కొత్తగా కారు కొన్న రైసు మిల్లు సేటును నేనే పోయి అడిగాను. ఆయన మర్యాదగా నవ్వాడు. "నీతోటి పెట్టిపిస్తె హమాలీలను గూడ పెట్టుకోవాలె గద నాయినా. హైదరాబాద్ల పెట్టిపిస్తున్న."

మరుసటి దసరా వచ్చింది. దొరకంటే తక్కువ కావడం సేటుకు ఇష్టం లేదు. ఆయన కారు కూడా పాడుకుంటూ, నెట్టించుకుంటూ వచ్చింది. పన్నెండు మందిని పెట్టాడు.

ఊరు చూసింది, ఆలోచించింది, తీర్పు చెప్పింది: "హైదరాబాద్ల పెట్టిచ్చినా గంతేనట. కారు రేడియో అంటెనే నెట్టాలె. గాయిననేమో ఉత్తగ బద్నాం జేసినం."

తెల్లవారి మూగబోయిన రేడియో ఒకటి చంకన పెట్టుకొని ఒకాయన నా గడపకొచ్చాడు. వెనుక మరో ఇద్దరు. నేను మొదటాయనతోనే మొదలుపెట్టాను: "చూడు, ఆ రోజు నా రేడియో ఇంజను నడుస్తుంటే కూడా..."

"పోనియ్ అన్నా," అన్నాడు ఆయన, ఎంతో దయగా. "తప్పు నీది కాదని అందరికి ఎరికైంది. మాఫ్ చేసినం గద."

నేను ఆ రేడియో అందుకొని, వెనక మూత విప్పాను.