తెల్లవ్వకు అల్లిన బుట్ట

నానబెట్టిన విల్లో పుల్లల్ని సందు లేకుండా నొక్కి, జనపనార దారంతో బిగిస్తోంది లువాన్ యూలియన్. వరస పూర్తయినప్పుడల్లా దారాన్ని పంటితో పట్టి లాగుతోంది. ఈ బిగువు ఆమెకు ఎవరూ నేర్పలేదు. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారి పాత నీళ్ల చేదను ఊడదీసి, మళ్లీ అల్లి, తనంతట తనే పట్టుకుంది. తడిస్తే పుల్లలు ఉబ్బి చుక్క కూడా కారదు. ప్లాస్టిక్ బకెట్లు వచ్చాక చైనాలోని ఈ షాన్‌డాంగ్ తీరాన చేదలు అడిగేవాళ్లు లేరు. కూరగాయల బుట్టలతోనే ఇల్లు గడుపుకొచ్చింది.

ఇవాళ అల్లుతున్నది మాత్రం తెల్లవ్వకు.

పెరట్లోని పుల్లల వామి కింద ఉండే ముళ్లెలుకే తెల్లవ్వ. ముట్టుకుంటే ముళ్లబంతిలా ముడుచుకుంటుంది. రోగాలు కుదిర్చే దేవతని ఊరి నమ్మకం. నడుం నొప్పన్న భర్త దెహాయ్‌ని, "తెల్లవ్వ పక్కన పడుకో, తగ్గిపోతుంది" అని ఆ వామి మీదికి పంపింది యూలియనే. అతనికి జ్వరం వచ్చాక తెల్లవ్వకు ఇంకో గుడ్డు ఎక్కువ పెట్టింది. ఇప్పుడతను ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడు.

పొద్దున ఆరోగ్యశాఖ నుంచి వచ్చిన చ్యావ్ నింగ్, చేతులకు తొడుగులు వేసుకుని, తెల్లవ్వను లోతు తొట్టిలో ఉంచి చెవి వెనక చూపించింది. సోయాగింజలు అంటుకున్నాయనుకుంది యూలియన్. ఆ గింజలు కాళ్లు కదిపాయి.

"అమ్మో! ఇన్ని గోమార్లా!"

"మీ ఆయన చంకలోనూ ఒకటి దొరికింది పెద్దమ్మా. జంతువు ఒంట్లో వైరస్ ఉంటే, రక్తం తాగిన గోమారి దాన్ని మోసుకొచ్చి మనిషిని కుడుతుంది."

"దీనికి రోగమెక్కడిది? నిన్న కూడా శుభ్రంగా తిన్నదే!"

"అదే చిక్కు. చాలా అడవి జంతువుల్ని ఆ వైరస్ ఏమీ చెయ్యదు. దీంట్లో ఉందో లేదో రక్తం చూస్తేనే తెలుస్తుంది." నింగ్ సన్నజాలీ వేసిన ఇనుప బోను తీసింది.

"బోనులో వద్దమ్మా. బుట్ట నేనే అల్లి ఇస్తా, ఉండు."

"సందుల్లోంచి గోమార్లు రాలితే?"

"నీళ్లే కారవు."

అల్లిక మూతి దాకా వచ్చేసరికి ఆడపడుచు షియూ ఊడిపడింది.

"మతిపోయిందా వదినా? అన్నయ్య చావుబతుకుల్లో ఉంటే ప్రాణం పోసే తల్లిని గెంటేస్తావా?"

"గెంటడం లేదు. బుట్టలో పంపుతున్నా."

"పల్లకీ అను! అన్నయ్యకేమన్నా అయితే నీ ముఖం చూడను."

"నేనూ అద్దంలో చూసుకోలేను." యూలియన్ చెయ్యి ఆపలేదు. "ఆ చెవి వెనక చూడు. చూశాక కూడా ఆపమంటే ఆపేస్తా."

షియూ తొట్టిలోకి వంగింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని వెనక్కి తగ్గింది. తన మెడ తనే గోక్కుంది.

"మనవణ్ణి రోజూ ఆ వామి దగ్గరే ఆడిస్తున్నా కదా వదినా! వాడి చొక్కా విప్పి చూడాలి!" అంటూ చెప్పులు మర్చిపోయి పరిగెత్తింది.

చివరి ముడి పడింది. యూలియన్ బుట్టనిండా నీళ్లు పోసి పైకెత్తింది. అడుగున చెమ్మే తప్ప చుక్క లేదు. నీళ్లు పారబోసి తుడిచింది. నింగ్ ముళ్లబంతిని అందులో దించింది. గాలి ఆడేలా, గోమారి బయటికి రాకుండా, ఒత్తుగా నేసిన గుడ్డను యూలియన్ మూతికి బిగించి కట్టింది.

"ఆయనున్న ఆసుపత్రి మీదుగానే వెళ్తారా?"

"అటే పెద్దమ్మా."

"డ్రైవర్ని నెమ్మదిగా తోలమను. కుదుపు దీనికి పడదు."

రెండు చేతులతో బుట్ట అందించింది.