మొదలు ఊగకూడదు

నవంబరు చివరి సోమవారం, ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు రవాణా క్యాంపు గేటు ముందు దిగాను. భుజాన ఆకుపచ్చ సంచి, జేబులో కొత్త మిలిటరీ లైసెన్సు. వాన పడుతోంది. గేటు దగ్గర గార్డు నా కార్డు చూసి, నా పేరును మూడుసార్లు మూడు రకాలుగా పలికి, చివరికి విసుగొచ్చి, సింగపూరువాళ్లు మాట చివర తగిలించే "లా"తో సహా, "పో లా, లోపలికి పో" అన్నాడు. నా పోస్టింగు అలా మొదలైంది.

సింగపూరులో పెరిగిన మగపిల్లలు పద్దెనిమిది దాటాక రెండేళ్లు సైన్యంలో పనిచేయాలి. ఇది మీకు తెలిసిందే. ఈమధ్య మన తెలుగువాళ్లలో ఎవరింటి అబ్బాయికి పిలుపొచ్చినా ఆంటీలు నాకు ఫోన్ చేస్తున్నారు. "మావాడికి రెండు ధైర్యం మాటలు చెప్పు నాన్నా" అంటారు. అంకుల్స్ అయితే ఆ బూట్లు ఒక్కరోజు కూడా తొడగకుండానే "క్రమశిక్షణ వస్తుందిలే" అని తేల్చేస్తారు. నేను తిండి గురించీ పరుగుల గురించీ నాలుగు ముక్కలు చెప్పి ఊరుకుంటాను. అసలు చెప్పవలసింది వేరే ఉంది. ఇన్నేళ్లూ నోరు రాలేదు.

నేను ఐదు టన్నుల ట్రక్కు నడిపేవాణ్ణి. మేం దాన్ని టన్నర్ అనేవాళ్లం. డ్రైవరు ఒంటరిగా బండి కదిలించకూడదు; పక్క సీట్లో ఒక కమాండర్ ఉండాలి. నాకు దొరికిన కమాండర్ ఒక మలయ్ సార్జెంటు. నాకంటే ఒక్క ఏడాది పెద్ద, మాట పొదుపు. రోజూ ఉదయం బండిలో సామాను చూసి సంతకం పెట్టాలి. చక్రాలకు అడ్డుపెట్టే దిమ్మెలు రెండు, మంటలార్పే సిలిండరు, ప్రథమ చికిత్స పెట్టె, ఇరవై మీటర్ల లాగుడు తాడు. తాడు సీటు వెనక చుట్ట చుట్టి ఉండేది.

సింగపూరుకు చలికాలం లేదంటారు. డిసెంబరులో గాలివానలో తడిసి గంటసేపు నిలబడి చూడండి, పళ్లు టకటకలాడతాయి. ఆ ఏడు డిసెంబరు మూడో వారంలో వాన రెండు రోజులు తెరిపి లేకుండా కురిసింది. మూడో రోజు, గురువారం, మాకు చిన్న పని పడింది. వేరే క్యాంపులో గుడారాలు దింపి ఖాళీ బండితో తిరిగి రావాలి. మూడు గంటల యాభైకి బయలుదేరాం. నాలుగూ ఇరవై అయిదుకు వైపర్లు ఎంత వేగంగా తిప్పినా అద్దంలోంచి రోడ్డు కనబడలేదు. నాలుగూ నలభైకి జురాంగ్ ఈస్ట్ వైపు వెళ్లే పెద్దరోడ్డు మీద ఆగిపోయాం.

ముందు రోడ్డు పల్లంలోకి దిగుతుంది. ఆ పల్లం నిండిపోయింది. ఒక టాక్సీ కిటికీల దాకా మునిగి ఉంది. డ్రైవరు అప్పటికే బయటపడి ఒడ్డున నిలబడ్డాడు. రోడ్డుకు ఎడమపక్క కాలిబాట, దాని పక్కనే మనిషి ఎత్తు లోతున మురుగు కాలువ. ఇప్పుడు బాటా కాలువా ఒకే రంగు నీళ్లు. ఏది ఎక్కడ ముగుస్తుందో చెప్పలేం. మా వెనక డబుల్ డెక్కర్ బస్సు, దాని వెనక కూలీలున్న ఒక లారీ, ఆ వెనక కనుచూపు మేర కార్లు. ఆఫీసులు వదిలే వేళ.

"ఇంజను ఆపకు. పొగగొట్టంలోకి నీళ్లు వస్తాయి" అన్నాడు సార్జెంటు. మా మాటలన్నీ ఇంగ్లీషులోనే. నేను తెలుగులో పెడుతున్నాను.

అతను రేడియో తీశాడు. రేడియోలో మా బండి పేరు టూ ఫోర్. "కంట్రోల్, ఇది టూ ఫోర్. ముందు నీళ్లు. కదల్లేం. ఓవర్."

"టూ ఫోర్, ఉన్నచోటే ఉండండి. చుట్టుపక్కల జనాన్ని బండ్లలోనే ఉంచండి. కాలువ అంచు కనబడదు, ఎవరినీ దిగనివ్వొద్దు. ఓవర్."

"రోజర్." సార్జెంటు నావైపు తిరిగాడు. "విన్నావుగా. నువ్వెళ్లి చెప్పు. నేను రేడియో దగ్గరుంటాను."

ఐదు గంటలకు వానకోటు తగిలించుకుని దిగాను. నీళ్లు పిక్కల దాకా ఉన్నాయి. ఆర్డరు సరైనదే, ఆ మాట ఇవాళ్టికీ అంటాను. బస్సు డ్రైవరుకు నా ఆర్డరు అక్కర్లేకపోయింది. "స్టాపు రాకుండా తలుపు తియ్యను" అని కూర్చున్నాడు. లోపల ఎనభై మంది నోరు నొప్పెట్టేలా అడిగినా తియ్యలేదు. ఒక కారులో సూటు వేసుకున్నాయన అప్పటికే ఒక కాలు బయట పెట్టాడు. ఆరింటికి మీటింగ్ ఉందన్నాడు. "ఇటు దిగితే మీటింగ్ పై లోకంలోనే సార్" అని కాలువ చూపించాను. కాలు లోపలికి లాక్కున్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ యూనిఫాం చూసి తండ్రి వయసువాళ్లు మాట వింటుంటే ఇరవై ఏళ్లవాడికి ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఒళ్లు తెలియలేదు.

ఐదూ పదిహేనుకు లారీ దగ్గరికి వచ్చాను. వెనక టార్పాలిన్ కప్పు కింద పదకొండు మంది. బట్టలు తడిసి ఒంటికి అంటుకుపోయాయి. లారీ డ్రైవరు ముందు క్యాబిన్లో ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. నేను వెళ్లేసరికి వాళ్లు ఒక్కొక్కరే దిగుతున్నారు. ఎనభై మీటర్ల వెనక కాంక్రీటు కప్పున్న బస్ స్టాపు ఉంది, అక్కడికి నడుద్దామని.

"ప్లీజ్, లోపలే ఉండండి" అన్నాను ఇంగ్లీషులో. నవ్వారు, తలూపారు, దిగుతూనే ఉన్నారు. ఒకతను మరొకతనితో "ఏటంటన్నాడ్రా ఈడు?" అన్నాడు.

అది మా అమ్మ మాట్లాడే భాష. మాది విజయనగరం పక్క. పదేళ్లకు ఇక్కడికి వచ్చాను, ఇంట్లో మాత్రం ఆ మాటే.

"దిగొద్దు బాబూ! పక్కన కాలవుంది. ఎక్కీయండి, ఎక్కీయండి!" అన్నాను.

అందరూ ఆగిపోయారు. అందరికంటే పెద్దాయన, యాభై ఉంటాయేమో, నీళ్లలో నిలబడి నన్ను పైనుంచి కిందికి చూశాడు. "ఓర్నాయనో! మనోడ్రా! తెలుగు సోల్జరు!" అన్నాడు. నా భుజం మీద చెయ్యి వేశాడు. పేరు అప్పలసూరి. టెక్కలి అవతల పల్లె. పదకొండు మందిలో తొమ్మండుగురు ఆ పక్కవాళ్లే. ఎదురుగా వరద, నెత్తిన వాన, మేమేమో ఏ ఊరు, ఎవరి తాలూకా అని ఆరా తీసుకుంటున్నాం.

తరవాత అప్పలసూరి చెయ్యి ఎత్తి చూపించాడు. లారీ పక్కన, కాలిబాట అంచున, పెద్ద నిద్రగన్నేరు చెట్టు.

"బాబూ, ఆ సెట్టు సూడు. గాలికి కొమ్మలూగాల. మొదలూగకూడదు. ఇది మొదలూగతంది. మావూల్లో తుపాన్లకి సానా సూసినాను. అందుకే దిగిపోదామన్నాను ఈల్లతోటి."

చూశాను. చెప్పకుండా దాటవేయడానికి లేదు. చెట్టు మొదట్లో మట్టి రెండు వేళ్ల వెడల్పున చీలి ఉంది. గాలి కొట్టినప్పుడు ఆ చీలిక తెరుచుకుంటోంది, గాలి తగ్గగానే మూసుకుంటోంది. అది నా కళ్లతో రెండుసార్లు చూశాను.

"పెద్దాయనా, ఇక్కడ ప్రతి చెట్టుకూ నంబరుంటాది. ఏటా చూసుకుంటారు. ఇది సింగపూర్. ఇక్కడ చెట్లు పడవు" అన్నాను.

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. పైగా ఆర్డరు చేతిలో ఉంది.

ఆయన చెట్టు వైపు మరోసారి చూశాడు, నా వైపు చూశాడు. "సరే, నువ్వు సెప్తన్నావు గదా" అన్నాడు. ముందు మిగతావాళ్లను ఎక్కించాడు. చివర తను. లారీ వెనక అంచు ఎత్తు, కాలు అందలేదు. "సెయ్యియ్యి బాబూ" అన్నాడు. నేను పైకెక్కి, శిక్షణలో నేర్పినట్టు మణికట్టు పట్టుకుని ఒక్క ఊపున లాగాను. ఆయన బొటనవేలికి నల్లటేపు చుట్టి ఉంది. చివర ఎక్కినవాడికి చివరి చోటే మిగులుతుంది కాబట్టి ఎడమవైపు, చెట్టు పక్క, అంచున కూర్చున్నాడు.

ఐదూ ఇరవై అయిదుకు నా సీట్లోకి వచ్చాను.

"అందరూ లోపలేనా?" అన్నాడు సార్జెంటు.

"లోపలే. లారీ వాళ్లు మా ఊరి పక్కవాళ్లు సార్జెంట్. తెలుగులో చెప్పేసరికి టక్కున విన్నారు."

"గుడ్ జాబ్ లా" అన్నాడు. జేబులోంచి బిస్కెట్ పొట్లం తీసి సగం నాకిచ్చాడు. చెట్టు సంగతి అతనికి చెప్పలేదు. చెప్పాలని తోచనే లేదు.

అక్కడ రోడ్డు కాస్త వంపు తిరుగుతుంది. అందుకే ఎడమ అద్దంలో బస్సు దాటి లారీ పక్కభాగం కనబడుతోంది. ఐదూ నలభై ఏడుకు ఆ టార్పాలిన్ కింది నుంచి ఒక చెయ్యి బయటికి వచ్చింది. అరచెయ్యి పైకి. వాన తగ్గిందా లేదా అని చూసుకునే చెయ్యి. బొటనవేలికి నల్లటేపు. నేను బిస్కెట్ నములుతూ చూశాను.

తరవాత గాలి వచ్చింది. శబ్దం పెద్దగా లేదు. తడిబట్ట చింపినట్టు ఒక్కసారి, అంతే. అద్దం నిండా ఆకులు.

పరిగెత్తాం. చెట్టు మొదలంటా లేచి లారీ ఎడమ సగం మీద పడింది. కప్పు ఇనుప కమ్మీలు వంగిపోయాయి. లోపల అరుపులు. సార్జెంటు వెంట తెచ్చిన రేడియోలో అరుస్తున్నాడు: "కంట్రోల్, చెట్టు పడింది, మనుషులు కిందున్నారు, అంబులెన్స్, అంబులెన్స్!" అటునుంచి "టూ ఫోర్, దారి మునిగింది, నడిచి వస్తున్నారు, ఇరవై నిమిషాలు" అని జవాబు. మేం ఆగలేదు. బండికి పరిగెత్తి సీటు వెనక తాడు లాక్కొచ్చాను. కొమ్మకు కట్టాను, బస్సులో నుంచి ఇరవై మంది దిగి లాగారు. ఈసారి బస్సు డ్రైవరే తలుపు తీసి అందరికంటే ముందు దిగాడు. కొమ్మ కదిలింది. ముగ్గురికి ఎముకలు విరిగాయి, వాళ్లు బతికారు. అప్పలసూరి బతకలేదు. నాకు తెలిసేసరికే అయిపోయింది.

మిగిలినవాళ్లను అక్కడ ఉంచకూడదన్నాడు సార్జెంటు, వరసలో మరో చెట్టుంది. అదే తాడు నా నడుముకు కట్టుకున్నాను. వాళ్లందరూ దాన్ని పట్టుకుని వరసగా నడిచారు. నేను ముందు బస్సులో దొరికిన చీపురు కర్రతో నేల తడుముతూ, కాలువకు దూరంగా, రోడ్డు మధ్య నుంచి బస్ స్టాపుకు తీసుకెళ్లాను. నాలుగు నిమిషాలు పట్టింది. ఆ తాడు ఐదుంపావుకు కూడా నా సీటు వెనకే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అది నేను చేసి చూశాను.

వారం తరవాత విచారణ. ఒక గది, ఒక బల్ల, ఇద్దరు ఆఫీసర్లు. మర్యాదగానే అడిగారు. నేను కాగితం మీద రాసిచ్చాను: ఆదేశం ప్రకారం ప్రయాణికులను వాహనాల్లోనే ఉండమని కోరితిని. ప్రతి అక్షరం నిజం. ఆయన చెట్టు చూపించాడన్న ఒక్క వాక్యం రాయలేదు. పెన్ను పట్టుకుని అక్కడ ఆగాను, తరవాత సంతకం పెట్టాను. "నువ్వు ఆర్డర్ పాటించావు. నీ తప్పు లేదు" అన్నాడు పెద్ద ఆఫీసరు. ప్రాణం లేచి వచ్చింది. అలా లేచి వచ్చినందుకు నా మీద నాకు ఇప్పటికీ అసహ్యం.

శవాన్ని ఊరికి పంపేముందు, సెలవురోజున మామూలు బట్టల్లో వాళ్ల డార్మిటరీకి వెళ్లాను. తవిటయ్య అని, ఆయన పక్క మంచం మనిషి, గేటు దాకా వచ్చాడు. చెయ్యి పిండికట్టుతో మెడకు వేలాడుతోంది. నేను తిడతాడని వెళ్లాను. తిట్టించుకోవాలనే వెళ్లాను.

"నీ మీద మాకేటీ లేదు బాబూ" అన్నాడు. "ఇంగిలీసులో సెప్పుంటే ఇనేవోల్లం కాదు, ఎల్లిపోదుము. మనోడు సెప్తన్నాడు గదా అని ఎక్కీసినాం."

"చెట్టు సంగతి ఆయన నాకు చూపించాడు. నువ్వు విన్నావా?"

"ఇన్నాను. ఎక్కినాక మల్లీ నానే అడిగినాను, సెట్టో మావా అని. అప్పుడన్నాడు, కుర్రోడు సదువుకున్నోడ్రా, మనకంటే ఆడికే తెలుస్తాది, ఊరుకో అని."

నేను ఆ గేటు పట్టుకుని ఏడ్చాను. తవిటయ్య బాగున్న చేత్తో నా వీపు నిమిరాడు. నేను ఓదార్చాల్సిన మనిషి నన్ను ఓదార్చాడు.

మిగతా ఏడాదిన్నర బండి నడిపాను. ఒక శుక్రవారం మధ్యాహ్నం కార్డు తిరిగి ఇచ్చేసి, అదే ఆకుపచ్చ సంచితో రైలెక్కి ఇంటికి వచ్చాను. అమ్మ పులిహోర చేసింది. పై అంతస్తు అంకుల్ వచ్చి "ఇప్పుడు మగాడివయ్యావు" అని చెయ్యి కలిపాడు.

రేపు మీ అబ్బాయిలు వెళతారు. వాళ్లకూ ఆర్డర్లు వస్తాయి, చాలావరకు సరైనవే వస్తాయి. వాళ్ల నోట మన మాట విని మనవాళ్లు నమ్ముతారు. ఎదుటివాడు వేలెత్తి చూపించింది కంటికి కనబడితే రేడియో తీసి చెప్పమనండి. నేను రాయని వాక్యం ఇదిగో, ఇక్కడ రాస్తున్నాను: అప్పలసూరి నాకు చెట్టు చూపించాడు, నేను చూశాను, అయినా ఎక్కించాను. ఇది చదివాక ఎవరు ఏమన్నా పడతాను.

ఇప్పుడు చాంగీ బిజినెస్ పార్క్‌లో ఉద్యోగం. సాయంత్రం వాన పట్టుకుంటే ఎక్స్‌పో స్టేషను కప్పు చివర జనం గుమిగూడతారు. ఎవరో ఒకరు చెయ్యి బయటపెట్టి, అరచెయ్యి పైకి తిప్పి, తగ్గిందా అని చూస్తారు. ప్రతిసారీ ముందు ఆ బొటనవేలు చూస్తాను. ఆ తరవాత వాన పూర్తిగా ఆగేదాకా అక్కడే నిలబడతాను, రైళ్లు పోతున్నా సరే.