నీళ్లు పోయే దోవ

చెన్నై శివారు షోళింగనల్లూరులో మా అపార్ట్‌మెంటు గేటు బయట ఏదో కేబుల్ కోసం తవ్వుతున్నారు. పొద్దున్నుంచీ గడ్డపార మట్టిలో దిగుతున్న చప్పుడు మెత్తగా, ఒకే తీరుగా వినిపిస్తూ ఉంది. నేను కాఫీ తాగుతుండగా అది ఉన్నట్టుండి ఇటుకకు తగిలి ఖణేల్‌మంది. నా అరచేతులు జివ్వుమన్నాయి. అరచేతుల జ్ఞాపకాలు అరచేతులకు ఉంటాయి కాబోలు. ఆ వెంటనే చెంగమ్మవ్వ గుర్తుకొచ్చింది.

తొంభైల మధ్యలో నేను ఒక తెలుగు దినపత్రిక మద్రాసు కార్యాలయంలో సబ్ ఎడిటర్‌ని. చింతాద్రిపేటలో, కూవం నదికి రెండు వీధుల ఇవతల, ఒక పాత పెంకుటిల్లు అద్దెకు తీసుకున్నాం. ఇల్లు బాగానే ఉండేది, పెరడే చూడలేకపోయేవాళ్లం. మాకు ముందున్నవాళ్లందరూ అక్కర్లేనివన్నీ అక్కడ పడేసి వెళ్లారు. పగిలిన పెంకులు, తుప్పు డ్రమ్ములు, బీటలు వారిన సిమెంటు తొట్టి, చక్రాలు లేని సైకిలు. వాటి మీద నడుమెత్తు పిచ్చిమొక్కలు. ఒక్క వాన పడితే వారం రోజులు నీళ్లు నిలిచేవి. మేం వెనక తలుపు గడియ పెట్టి అటు చూడడం మానేశాం. దోమలకు గడియ అడ్డమా? ఆరు నెలల్లో మా నాలుగేళ్ల పాపకు రెండుసార్లు మలేరియా వచ్చింది. రెండోసారి లేచాక దాని చేతులు చూస్తే పుల్లల్లా ఉన్నాయి. నా భార్య సుశీల ఏడవలేదు, అరవలేదు. పాప గౌన్లు మడతపెడుతూ, "ఇంకొక్కసారి దీనికి జ్వరం వస్తే తెనాలి, మా పుట్టింటికి వెళ్ళిపోతాను. మళ్లీ రాను. మీ పేపరూ మీరూ ఇక్కడే ఉండండి" అంది. ఐప్పసి వానలకు, అంటే అక్టోబరులో మొదలయ్యే ఇక్కడి పెద్ద వానలకు, ఇంకా రెండు నెలల గడువుంది.

నాది సాయంత్రం షిఫ్టు. మర్నాడు పొద్దున్నే గడ్డపార అరువు తెచ్చి పెరట్లోకి దిగాను. కనబడ్డ చోటల్లా పొడిచాను, చేతికందిన మొక్కనల్లా పీకాను. గంటన్నర తర్వాత చూస్తే పెరడు పెరడులాగే ఉంది, నేను మాత్రం చెమటలో మునిగిపోయాను. పక్కింటి గోడ మీద ఒక నెరిసిన తల కనిపించింది.

"ఏమబ్బయా, పామును కొడతా ఉండావా?"

"లేదండీ మామ్మగారూ, శుభ్రం చేస్తున్నాను."

"మామ్మగారా! నేనేమన్నా టీచరమ్మనా? అవ్వా అను, సాలు. ఆడింత ఈడింత కోడి గెలికినట్టు గెలికితే అది శుభ్రమా?"

అదే మా మొదటి పరిచయం. చెంగమ్మవ్వకు డెబ్బై దాటాయి. తరాల కిందట ఆ పేటలో స్థిరపడ్డ నేతవాళ్ల కుటుంబం. మగ్గాలు ఏనాడో పోయినా నూలుండలు మాత్రం ఇంట్లో మిగిలాయి. ఒక ఉండా, నాలుగు పుల్లలూ పట్టుకుని వీధి చుట్టూ తిరిగి మా ఇంట్లోకి వచ్చేసింది. ముందుగా నీళ్లు నిలిచిన ప్రతి డబ్బానూ, పెంకునూ బోర్లించింది. తర్వాత ఇంటి గోడ నుంచి వెనక గోడ దాకా రెండు దారాలు లాగి కట్టింది. వాటి నడుమ ఎడం రెండు మూరలు.

"ఈ పొద్దుకు ఇంతే. దారం అవతల ఏముండాదో సూడబాకు."

"ఇలాగైతే నెల పైనే పడుతుందవ్వా."

"పడనీ. సీర నేసేటప్పుడు మొత్తం సీర కనపడతాదా? సేతికింద జానెడే గదా కనపడేది. ఆ జానెడు సక్కంగా నెయ్యి."

రోజూ రాత్రి పేజీని కాలమ్ తర్వాత కాలమ్‌గా నింపే నాకు ఈ సంగతి తెలియనిది కాదు. కానీ పెరడును కూడా అలా చూడవచ్చని తట్టలేదు. రెండు దారాల నడుమ పని చేయడం మొదలుపెట్టాక భయం పోయింది. వేళ్లతో సహా తీయడం, పెంకులు ఏరి గోనెలో వేయడం, మన్ను తిరగేయడం. బొబ్బలు వచ్చాయి, పగిలాయి, కాయలు కాశాయి. నేను ఆశపడి దారం అవతలికి చెయ్యి చాపితే, "పోదుం, పోదుం! పోయి స్నానం సెయ్యి" అని గోడ మీంచి అరిచేది. పోదుం అంటే తమిళంలో చాలు అని. అప్పుడు గడపలో కూర్చుని, తవ్విన మేర నల్లగా, వదులుగా ఉన్న మట్టిని చూస్తూ ఉండిపోయేవాణ్ణి. మొదటి పేజీ బ్రహ్మాండంగా వచ్చిన రోజున కూడా అంత తృప్తి ఎరగను.

సగం పెరడు తేలాక అవ్వ మా గడప దగ్గరి మడి చూపించి, "ఈడ కీర ఏయి. బిడ్డకు నెత్తురు పడతాది" అంది. మా వైపు కీర అంటే దోసకాయ. ఆఫీసులో తమిళం బాగా వచ్చిన మిత్రుణ్ణి అడిగి, దోసను ఇక్కడ వెళ్లరి అంటారని కాగితం మీద రాసుకుని మరీ పురసవాక్కం వెళ్లి విత్తనాలు తెచ్చాను. నాటి, పందిరి కూడా వేశాను. మొలకలు వచ్చాక అవ్వ వంగి చూసింది.

"ఇదేందబ్బయా?"

"కీర. మీరే వేయమన్నారుగా."

అవ్వ గోడ పట్టుకుని నవ్వింది. ఎంతసేపు నవ్విందంటే సుశీల కంగారుపడి మంచినీళ్లు తెచ్చింది.

"ఈడ కీర అంటే తోటకూర, పొన్నగంటి కూర... ఆకుకూరలయ్యా! జొరం వచ్చి లేసిన బిడ్డకు దోసకాయ పెట్టమంటానా నేను? పేపర్లో ఉండావే, ఒక మాట అడగరాదా?"

"తెలిసిన మాటే కదా అనుకున్నానవ్వా."

"తెలిసిన మాటనే అడగాల. తెలీంది ఎట్టాగూ అడగతావు."

కొంగున కట్టిన తోటకూర విత్తనాలు తెచ్చి తనే చల్లింది. దోస మొలకలను మాత్రం పీకనివ్వలేదు. "ఉండనీ పాపం, మొలిసినాది."

అయినా అసలు కష్టం తీరలేదు. సెప్టెంబరులో ఒక జల్లు పడితే శుభ్రం చేసిన నేల మీదా నీళ్లు నిలిచాయి. సుశీల గడపలో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది. అవ్వ మాత్రం, "ఈ ఇల్లు కట్టినోళ్లు ఎర్రోళ్లా? నీళ్లు పోయే దోవ పెట్టకుండా ఎవరు కడతారు? యాడనో ఉండాది. నీ దారం ఇంకా ఆడికి పోలేదు, అంతే" అంది.

ఇంకా రెండు దారాల పని ఉందనగా, వెనక గోడ మొదట్లో గడ్డపార ఇటుకకు తగిలింది. చేతులు జివ్వుమన్నాయి. పెంకుల గుట్ట తీసి చూస్తే అరచెయ్యంత తూము, మట్టితోనూ వేళ్లతోనూ బిగుసుకుపోయి ఉంది. బోర్లా పడుకుని భుజం దాకా చెయ్యి పెట్టి లాగాను. సుశీల బిందెడు నీళ్లు తెచ్చి పోసింది. నీళ్లు కాసేపు అక్కడే తిరిగాయి. తర్వాత గుటక వేసినట్టు చప్పుడై మాయమయ్యాయి. అవతల సందులోంచి అవ్వ కేక వినబడింది. "వచ్చె! వచ్చెనబ్బయా!"

ఐప్పసి వానలు మూడు రోజులు ఏకబిగిన కురిశాయి. నాలుగో రోజు తెల్లవారి వెనక తలుపు తీస్తే పెరట్లో చుక్క నీరు నిలిచి లేదు. సుశీల నా పక్కన నిలబడి చాలాసేపు చూసి, "పాపను ఇక్కడే బళ్లో వేద్దాం" అంది. ఆ ఏడాది జ్వరం రాలేదు. ఆ తర్వాత కూడా రాలేదు.

ఆ ఇంట్లో ఆరేళ్లున్నాం. మేం ఖాళీ చేసిన ఏడాదే అవ్వ పోయింది. డెస్కు మీద ఉన్నంత కాలం, అందరికీ తెలిసిన మాట కనబడితేనే నేను ఫోను తీసి విలేకరిని అడిగేవాణ్ణి. కుర్రవాళ్లు నవ్వేవారు. పాపకు ఇప్పుడు ముప్పై దాటాయి. మొన్న అడిగితే, ఆ జ్వరాలు దానికి గుర్తే లేవంది. తోటకూర మళ్లలో చెప్పుల్లేకుండా తిరగడం, గోడ మీంచి ఎవరో అవ్వ నవ్వడం గుర్తున్నాయట. వేడికి కాలిపోయే ఆ నుదురు ఇంకా నా చేతికి తెలుసు. ఆ జ్ఞాపకం నా దగ్గరే ఉండిపోనీ. పాపకు గుర్తు లేదని విన్నాక, నాకది ఏమంత బరువనిపించడం లేదు.