వేపచెట్టు కింది గది

ఈ ఉదయం మా వీధిలో కరెంటు తీగలకు తగులుతున్న వేపకొమ్మలు కొట్టారు. ఉన్నవాళ్లు: నిచ్చెన మీద ఒక లైన్‌మన్, కింద తాడు పట్టుకుని ఇంకొకతను, స్కూటీ పక్కకు తీయడానికి వచ్చి అక్కడే నిలబడిపోయిన ఎదురింటి ఆమె, టీ గ్లాసుతో నేను. ఉన్నవి: కొడవలి కట్టిన పొడవాటి కర్ర, సగం నిండిన ట్రాలీ, చెప్పుల కింద నలిగిన ఆకులు. గాలి ఇటు తిరగగానే పచ్చి వేపచెక్క వాసన వచ్చింది. అందరూ దాన్ని చేదు వాసన అంటారు. నాకు మాత్రం అందులో కొంచెం వెల్లుల్లి వాసన కూడా తగులుతుంది. అది తగిలితే సుగుణ మేడమ్ గుర్తొస్తుంది.

ఆర్మూర్ పాత బస్టాండు వెనక, ఎరువుల దుకాణం పైన ఆమె ఆఫీసు ఉండేది. ఇళ్ల ప్లాన్లు గీసి, కట్టేటప్పుడు దగ్గరుండి చూసుకునేది. ఆమెదీ నాలాగే సివిల్ డిప్లొమా. మేస్త్రీలు ఆమెను ఇంజినీరమ్మ అనేవారు. మొదట్లో ఆ పేరు ఎగతాళికి పెట్టారట. నేను ఆమె దగ్గర పనికి చేరేనాటికి అదే పేరును గొంతు తగ్గించి పలుకుతున్నారు. ఎక్కడికి వెళ్లినా ముందు ఎవరున్నారో, ఏమున్నాయో చూడాలని, టేపు ఆ తర్వాతే తీయాలని ఆమె నాకు నేర్పింది. ఇంకో సంగతి కూడా నేర్పింది గానీ, అది ఒంటబట్టడానికి కొంత కాలం పట్టింది.

చేరిన కొత్తలో బాల్కొండలో ఒక స్లాబు పని చూసి రమ్మంది. సాయంత్రం వచ్చి మేస్త్రి పని అయిందన్నాడని చెప్పాను.

"అయింది అన్నడా, అయితది అన్నడా?"

అతని మాట గుర్తు తెచ్చుకున్నాను. "అయినట్టే అన్నడు మేడమ్."

"అయినట్టే అంటే కాలేదు. ఫోన్ చెయ్."

చేశాను. మేస్త్రి కాసేపు నీళ్లు నమిలి, "ఒక దిక్కు కడ్డీ ఇంక కట్టలే తమ్మీ. ఆమెకెట్ల తెల్సింది?" అన్నాడు.

మేడమ్ నవ్వలేదు. "మనోళ్లు అబద్ధమాడరు నవీన్. మాటను జర వంచుతరు. వంపు ఏడున్నదో చూస్కోవాలె" అంది. మేస్త్రీల మాటలకు పనికొచ్చే కిటుకు అనుకుని అప్పటికి ఊరుకున్నాను.

నాలుగేళ్ల కిందట, పసుపు ఉడకబెట్టి ఆరబోసే రోజుల్లో, ఒక సాయంత్రం గాలివాన వచ్చింది. ఊరంతా టార్పాలిన్లు పట్టుకుని కల్లాల వైపు పరుగెత్తింది. మా ఇంట్లో ఆరబోయడానికి పసుపు లేదు, ఉన్నది పెరట్లో వేపచెట్టు ఒక్కటే. ఆ గాలికి అది పంగ దగ్గర రెండుగా చీలింది. ఒక సగం ప్రహరీ మీద పడి గోడను కూల్చింది. రెండో సగం నిలబడే ఉంది గానీ, వెనక గది రేకుల మీదికి ఒరిగింది. ఆ గదిలో గంగామణి కిరాయికి ఉండేది. మోర్తాడ్ నుంచి వచ్చిన మనిషి, బీడీలు చుట్టేది. భర్త పసుపు లోడు లారీ మీద వెళ్తే వారం దాకా రాడు. ఇద్దరు చిన్న పిల్లలు.

అమ్మకు ఆ చెట్టు పోవడం ఇష్టం లేదు. మేం ఆ కాలనీకి వచ్చినప్పుడు చుట్టూ ఎక్కడా నీడ లేదు. బట్టలుతికిన నీళ్లు మోసి పోసి ఆ చెట్టును ఆమె పెంచింది. మధ్యాహ్నం బియ్యం ఏరినా, కునుకు తీసినా, నాన్న పోయినప్పుడు వచ్చినవాళ్లతో కూర్చున్నా దాని కిందే. గాలివాన మర్నాడు చీలికలోకి చెంబుతో పసుపు నీళ్లు పోసింది. పక్కింటి పోశెట్టి మామ గోడ అవతల నుంచి చూసి, "ఉప్పు, కారం గూడ ఎయ్యి వదినే, కూరన్న అయితది" అన్నాడు.

"మనిషి పుండుకు పెడితే మానుతలేదా? నీ నోటికి గూడ జర పుయ్యాలె" అంది అమ్మ.

నేను నా పద్ధతిలో దిగాను. మాను చుట్టుకొలత తీశాను. ఫోనుతో వాలు ఎంతుందో చూశాను. చీలికను బిగించడానికి రెండు బోల్టులు, వెనక్కి లాగి పట్టడానికి ఒక ఇనుప తీగ, కింద ఒక ఊతం, ఇలా బొమ్మ గీశాను. ఆ బొమ్మ చూసి అమ్మ ముఖం తేటపడింది. చివరగా గంగామణి దగ్గరికి వెళ్లి చెట్టును ఉంచుదామనుకుంటున్నామని చెప్పాను. ఆమె చేట ఒడిలో పెట్టుకుని ఆకు కత్తిరిస్తోంది. కత్తెర ఆపకుండానే, "మీ ఇష్టం తమ్మీ. మీ ఇల్లు, మీ చెట్టు" అంది. బొమ్మ కింద, గదిలో ఉన్నవాళ్లు ఒప్పుకున్నారు అని రాసుకున్నాను.

గాలివాన వచ్చిన నాలుగో రోజు మేడమ్‌ను పిలిచాను. స్కూటీ గేటు బయటే ఆపి, చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి, నా కాగితం అడిగింది.

"బొమ్మ మంచిగ గీసినవ్. నీ బోల్టు నిలుస్తదా అంటే నిలుస్తదేమో, నిలవదేమో. నాకు గూడ తెల్వదు." కాగితం చివరి దాకా చదివింది. "ఒప్పుకున్నరు అని రాసినవ్. ఆమె ఏమన్నది? అన్నది అన్నట్టు చెప్పు."

చెప్పాను.

"మీ ఇష్టం అంటే ఒప్పుకున్నట్టా? నా పెండ్లిచూపులప్పుడు మా నాయిన నన్నడిగితే, నేను గూడ గదే మాటన్న. మంచిగ సంబరపడి లగ్గం పెట్టిండు." ఆ తర్వాత తన పెళ్లి గురించి ఒక్క మాట కూడా చెప్పలేదు. నేనూ ఎన్నడూ అడగలేదు.

వెనక గది గడప మీద గంగామణి పక్కన కూర్చుంది. ఆకు ఎట్లా వస్తోంది, వేళ్లు నొస్తున్నాయా అని అడిగింది. చెట్టు ఊసే ఎత్తలేదు. ఒక బీడీ చేతిలోకి తీసుకుని చూస్తూ, "రాత్రి గాలి లేస్తే ఏం జేస్తున్నవ్?" అంది.

గంగామణి కత్తెర ఆగింది. నా పక్కన నిలబడ్డ అమ్మ వైపు ఒకసారి చూసి తల దించుకుంది. "ముందటి అరుగు మీద కూసుంటున్న మేడమ్. పిల్లల్ని ఒళ్లె పండవెట్టుకుంట. అమ్మ లేవకముందే మల్ల లోపల్కి వస్తున్న."

"ఎన్నొద్దుల సంది?"

"వాన వచ్చిన కాన్నించి."

అరుగుకూ నా మంచానికీ మధ్య ఒక గోడ మాత్రమే ఉంది. కొలతలన్నీ తీసిన నాకు ఆ సంగతి తెలియదు.

అమ్మ గడప దాకా వచ్చింది. "గదేంది గంగామణి, నాతోని చెప్పొద్దా?" అంది.

"చెప్తే గది ఖాళీ చెయ్యమంటరేమో అని భయమైంది అమ్మా. పిల్లల బడి గీడ దగ్గర వడ్డది."

మేడమ్ లేచి చీర దులుపుకుంది. తీర్పు చెబుతుందని ఎదురుచూశాను. "చెట్టు సంగతి రేపు మాట్లాడుకోండ్రి. గీ రాత్రికి పిల్లలు యాడ పంటరో గది చూడుండ్రి ముందు" అని మాత్రం అంది.

అమ్మ సామాన్ల గది తలుపు తెరిచి పాత ట్రంకు బయటికి లాగమంది. చీకటి పడేలోపు గంగామణి చాప, పిల్లల పుస్తకాల సంచులు, బీడీల చేట ఇంట్లోకి వచ్చాయి. అన్నం తిన్నాక అమ్మే చెప్పింది. "కోత మిషనాయిన్ని పిలువు బిడ్డా. కప్పు కన్నా కిందికి కొట్టమను. మొద్దు మాత్రం ఉంచమను. చిగురు పెడితే పెడ్తది, లేకుంటే లేదు." ఆమెతో ఎవరూ వాదించలేదు, నచ్చజెప్పలేదు. తాను పెంచిన చెట్టు సంగతి తానే తేల్చుకుంది. ఆ వీలు ఆమెకు మిగిల్చినందుకు మేడమ్‌కు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాను.

కొట్టిన రోజు పెరడంతా ఆ వెల్లుల్లి వాసనే. మధ్యాహ్నం అమ్మ అలవాటు కొద్దీ బియ్యం చేట తీసుకుని బయటికి వెళ్లి, ఎండలో కొంగు నెత్తిన వేసుకుని నిలబడింది. రేకుల కింద తన గదిని మళ్లీ సర్దుకుంటున్న గంగామణి పీట జరిపి, "ఇటు రా అమ్మా, గోడ నీడున్నది" అంది. అమ్మ వెళ్లి కూర్చుంది. మొదటిరోజు ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోలేదు. తర్వాత్తర్వాత వాళ్ల మాటలు ఆపడం మాకు కష్టమైంది. మొద్దు మరుసటి వానాకాలం చిగురించింది. ఏటా కప్పు ఎత్తుకు రాకముందే కొమ్మలు కొట్టిస్తాం.

సుగుణ మేడమ్ నిరుడు పోయింది. చివరి నెలల్లో దవాఖానలో చూడటానికి వెళ్తే, కిటికీ అద్దం బిగించిన తీరు బాగాలేదని నాకు చూపించింది. వచ్చేటప్పుడు ఇంకాసేపు కూర్చోనా అని అడిగితే, "నీ ఇష్టం" అని నా ముఖంలోకి చూసింది. మళ్లీ కూర్చున్నాను. చీకటి పడేదాకా ఉన్నాను.

ఇప్పుడు సొంతంగా ప్లాన్లు గీస్తున్నాను. నా సాఫ్ట్‌వేరు ఆమె వాడినదాని కన్నా కొత్తది, నా గీతలు ఆమె గీతల కన్నా సన్నం. కానీ గీత గీసే ముందు చేసే పని ఆమెదే. ఇంటివాళ్లందరూ కూర్చున్నప్పుడు వంటింటి కిటికీ ఎటు పెట్టాలని అడిగితే, కోడలో, ముసలాయనో, కిరాయికి ఉన్నవాళ్లో మీ ఇష్టం అంటారు. అది అప్పుడు రాసుకోను. ఇంకో రోజు, వాళ్లు ఒక్కరే ఉన్నప్పుడు, వేరే మాటతో మొదలుపెట్టి మళ్లీ అడుగుతాను. మాక్లూర్‌లో ఒక కోడలు రెండోసారి అడిగాక, తన మంచం పక్క తలుపుకు లోపలివైపు గడియ కావాలంది. పెట్టించాను.

ఇప్పటికి అలా పదకొండు మందిని రెండోసారి అడిగాను. వాళ్లలో తొమ్మిది మంది ఇష్టం వేరేగా ఉంది.