పళ్ళెంలో చొక్కా

చేతినిండా పని ఉండి, ఆ పని వల్లే దివాలా అంచుకు చేరిన దర్జీని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఈ నాలుగు ముక్కలూ చదవండి. పందొమ్మిది వందల ఇరవైలలో, రంగూన్‌లో, ఆ ఘనకార్యం చేసింది నేనే.

మాది ఒకప్పుడు ఏనుగుల మీద ఊరేగిన వంశం. నా వంతు వచ్చేసరికి ఏనుగులు పోయాయి, ఎస్టేటు వేలంలో పోయింది, వెన్నెముక మాత్రం అంబారీలో కూర్చున్నట్టే నిటారుగా మిగిలింది. అది వంగక ఏ గుమస్తా కొలువులోనూ నిలవలేకపోయాను. చేతిలో ఉన్నది ఒక్కటే విద్య: చిన్నప్పుడు మా దివాణం దర్జీ పక్కన కూర్చుని నేర్చుకున్న కుట్టుపని. మా ఇంటి యజమానురాలు, డా ఖిన్ అనే బర్మా ఆవిడ (అక్కడ ఆడవాళ్ళకు ‘డా’ అంటే మన ‘గారు’ లాంటిది), తన కుట్టుమిషను అద్దెకిచ్చింది. స్నేహితులు గుడ్డ తెచ్చి చొక్కాలు కుట్టమన్నారు.

కుట్టాను. బాగానే కుట్టాను, అది దాచను. చిక్కల్లా కుట్టుకూలి దగ్గర వచ్చింది. అడగందే అమ్మయినా పెట్టదంటారు. మా వంశంలో అమ్మను కూడా అడగరు! పైగా చొక్కాను పాత కాగితంలో చుట్టి ఇవ్వడం మామూలు దర్జీల పని. నేనేమో ఇత్తడి పళ్ళెంలో పెట్టి, పైన తమలపాకులూ వక్కా అరటిపండూ ఉంచి, బొట్టు పెట్టి మరీ ఇచ్చేవాణ్ణి. నా దర్జా చూసి ఎవరికి వారే గుట్టుగా డబ్బులు పళ్ళెంలో వేస్తారని ఊహ.

అలా ఇస్తే దాన్ని ‘బట్టలు పెట్టడం’ అంటారని, గుడ్డ వాళ్ళదే అయినా అది కానుక కిందే లెక్కని, కానుకకు కూలి ఇవ్వబోతే పెట్టినవాణ్ణి అవమానించినట్టేనని మీకు తెలుసు. రంగూన్‌లోని తెలుగువాళ్ళందరికీ తెలుసు. నాకే తట్టలేదు.

మొదటి పళ్ళెం అందుకున్నది రేవులో మేస్త్రీ, అప్పలనాయుడు.

“ఏటి బాబూ ఇది?” అన్నాడు.

“నీ చొక్కా, నాయుడూ.”

“మా మావ కూడా నాకిలా బట్టలు పెట్టనేదు బాబూ!” అని కాళ్ళకు దండం పెట్టి వెళ్ళిపోయాడు. ఖాళీ పళ్ళెమూ నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

తక్కినవాళ్ళూ అంతే. కొన్నాళ్ళకు ఎదురు పళ్ళేలు రావడం మొదలైంది. పెట్టినవాడికి తిరిగి పెట్టాలి కదా! ఒకరు పంచెల చాపు, ఒకరు కండువా, ఇంకొకరు పట్టు లుంగీ. నా గది గుడ్డల కొట్టయింది. మిషను అద్దెకు మాత్రం దమ్మిడీ లేదు.

డా ఖిన్ మెట్లెక్కి వచ్చి ఆ కొట్టును కలియజూసింది. “కో రావ్,” అంది, బర్మా పద్ధతిలో నా పేరు ముందు ‘కో’ తగిలించి. “పంచెలు నేను కట్టుకోనా? పున్నమిలోగా అద్దె ఇవ్వకపోతే మిషను పడవెక్కి ఏటి అవతల దలాలో మా చెల్లెలింటికి పోతుంది.”

“అది పోతే నా బతుకేం కావాలి?”

“కుట్టించుకున్నవాళ్ళని డబ్బు అడుగు.”

“అడగడమా! మా తాతగారు…”

“ఆయన్ని కూడా పడవెక్కించనా?”

ఇక తప్పలేదు. వెన్నెముకను బుజ్జగించుకుంటూ అప్పలనాయుడి ఇంటికి నడిచాను. నన్ను చూడగానే, వసారాలో కబుర్లాడుకుంటున్న రేవు మనుషులు పులిని చూసిన మేకల్లా లోపలికి దూరారు. నాయుడి భార్య గౌరమ్మ మొహం పాలిపోయింది.

“మళ్ళీ పళ్ళెం తెచ్చినారేటి బాబూ?”

“లేదమ్మా. ఆ చొక్కాకి… అంటే, దాని కుట్టుకి…” చివరికి కళ్ళు మూసుకుని అరిచేశాను: “కుట్టుకూలి! ఎనిమిదణాలు!”

భూమి బద్దలవుతుందనుకున్నాను. కాలేదు.

“ఎనిమిదణాలేనా?” అంది గౌరమ్మ.

“అంతే.”

“ఓలమ్మో! మీకు ఎదురు పెట్టాలని ఈయన పంచెల సాపుకి రెండు రూపాయలు తగలేసినాడు బాబూ! మా ఓళ్ళందరికీ మీ సేతే కుట్టించుకోవాలని ఉంది. మీ మరియాద మొయ్యలేక ఆ ఏపు రావడం మానీసినారు!”

లోపలినుంచి ఒక్కో తలా బయటికొచ్చింది. “ఎనిమిదణాలైతే నాకూ ఒకటి బాబూ!” “నాకు కోటు!” “మా బావకీ కొలతలు తీసుకోండి!”

చూశారా? కూలి లేకుండా కుట్టి రంగూన్ మొత్తంలో అందరికన్నా ఖరీదైన దర్జీని నేనే అయ్యాను!

మిషను రేవు దాటలేదు. ఆ నెలంతా దానికి తీరికే లేదు. కాబట్టి సూది ఒక చేత, దారం ఒక చేత పట్టుకుని పెద్దల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇక బతికినన్నాళ్ళూ ఏ స్నేహితుడికీ ఉచితంగా చొక్కా కుట్టి, వాణ్ణి అప్పులపాలు చెయ్యను.