రాంబాబు పోయిన సోమవారం

ఏడాది చివర వీడియో గేములు ఆడేవాళ్ళంతా ఆ ఏడు తమకు బాగా నచ్చిన ఆటలేవో చెప్పుకుని మురిసిపోతుంటారు. నన్నడిగితే గబగబా రెండు పేర్లు చెప్పి మాట మార్చేస్తాను. ఎందుకంటే, నేను రాయ్‌పూర్ వచ్చిన మొదటి ఏడాది నాకు అన్నిటికంటే నచ్చిన ఆట రెండు రాష్ట్రాల్లో ఏడుపులు లేపింది. నిక్షేపంలా బతికున్న మనిషి ఇంటికి పూలదండలు పంపించింది. మీకు చెప్తాను. మా మావయ్య ఎదురైతే మాత్రం ఏమీ తెలియనట్టే ఉండండి.

రాయ్‌పూర్ శివారు సిల్తారాలో ఒక స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ ల్యాబ్‌లో నాకు ఉద్యోగం. కాపురం డబ్ల్యూఆర్ఎస్ రైల్వే కాలనీ పక్కన, ఒక రైల్వే ఉద్యోగి భార్య రమణమ్మగారు అద్దెకిచ్చిన వెనక గదిలో. ఆవిడది శ్రీకాకుళం వైపు, మాది విజయనగరం. ఆ మాత్రం చుట్టరికంతో కబుర్లు సాగి ఉంటాయని మీరనుకోవచ్చు. నేను బిడియస్తుణ్ణి. ఏడాది పొడుగునా మా మధ్య నడిచినవి "మోటారు ఏశావా బాబూ", "వేశానండి" అన్న రెండు మాటలే. ల్యాబ్‌లో అదీ లేదు. నా హిందీలో క్రియలన్నీ ఒకే కాలంలో ఉండేవి. నేను నోరు తెరిస్తే అవతలివాళ్ళు పరీక్ష హాల్లో కూర్చున్నట్టు నుదురు చిట్లించి వినేవారు. వాళ్ళ కష్టం చూడలేక మాట్లాడ్డం మానేశాను.

ఇక ఆదివారాలు. గదిలో ఫ్యాను, లాప్‌టాప్, నేను. మొదట ఒక వ్యవసాయం ఆట ఆడాను. అందులో నేను టమాటాలు పండించి సంచీ భుజాన వేసుకుని వెళ్తుంటే ఊరు ఊరంతా ఆగి పలకరించేది. తర్వాత లారీ నడిపే ఆట. మా టాటీబంధ్ కూడలిలో అసలు లారీల మధ్య రోడ్డు దాటడానికే భయపడే నేను, అందులో ఖండాలు దాటి సరుకు దింపాను. రెండూ మంచి ఆటలే. కానీ ఆ ఏటి మేటి ఆట మూడోది, గుర్రం ఉన్నది.

అందులో పెద్ద పెద్ద కొండలు, గడ్డి మైదానాలు. మనకో గుర్రాన్నిచ్చి దానికి మనల్నే పేరు పెట్టుకోమంటారు. చిన్నప్పుడు నన్ను వీపు మీద మోసిన రాంబాబు మావయ్య గుర్తొచ్చి, దానికి రాంబాబు అని పెట్టాను. ఈల వేస్తే చాలు, కొండ అవతల ఉన్నా పరిగెత్తుకొచ్చేది. రాయ్‌పూర్ మొత్తం మీద నేను పిలిస్తే వచ్చే ప్రాణి అదొక్కటే. దాంతో తెలుగులో మాట్లాడేవాణ్ణి. ఫ్యాక్టరీ క్యాంటీన్ పప్పు గురించి, అమ్మ గురించి, పూర్తి వాక్యాలతో. అది చెవులు ఆడించేది. నవ్వకండి, మనుషులు చాలామంది అదీ చెయ్యరు.

ఒక ఆదివారం సాయంత్రం, తొందర్లో చుట్టూ తిరిగి వెళ్ళే ఓపిక లేక, లోయ మీదుగా దాన్ని దూకించాను. నేను అంచు పట్టుకుని బతికాను. రాంబాబు పోయాడు. ఆ ఆటలో గుర్రం పోతే పోయినట్టే, మళ్ళీ రాదు. ఈల వేశాను. మళ్ళీ వేశాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. లాప్‌టాప్ మూసి, ఇంత వయసొచ్చి, దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను.

సోమవారం ల్యాబ్‌లో నా వాచిన కళ్ళు చూసి, మా ఇన్‌చార్జి సాహూగారు దగ్గరికొచ్చారు. ఆయన పెద్దమనిషి, మెత్తటి మనిషి.

"క్యా హువా బేటా?"

"రాంబాబు... మర్ గయా" అన్నాను. నా హిందీకి ముందుగా అందిన వాక్యం అదే.

"రాంబాబు ఎవరు?" అని హిందీలోనే అడిగారు.

"సాథీ. ఇన్నాళ్ళూ కలిసే ఉన్నాం. నన్ను అన్నిచోట్లకీ మోసుకెళ్ళేవాడు."

"ఎలా పోయాడు?"

"కొండ మీంచి పడి. తప్పు నాదే. దూకమన్నది నేనే."

సాహూగారు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. "శవం?"

"కాసేపు కనిపించింది సార్. తర్వాత మాయమైపోయింది."

"పోలీసులు?"

"అక్కడ పోలీసులు ఉండరు సార్."

అప్పటికైనా గుర్రం అని చెప్పొచ్చుగా అంటారు మీరు. నోటి దాకా వచ్చింది. అంతలో ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "దుఃఖంలో ఏదేదో అంటున్నావు. తప్పు నీది కాదు" అన్నారు. ఆ ఊళ్ళో అడుగుపెట్టాక నా భుజం మీద పడ్డ మొదటి చెయ్యి అది. దాన్ని తీయించే మాట చెప్పడానికి నోరు రాలేదు. ఎవరో చాయ్ తెచ్చారు. ల్యాబ్‌లో అందరూ లేచి తల వంచుకుని మౌనం పాటించారు. ఒక గుర్రం కోసం, అందులోనూ లేని గుర్రం కోసం. నేనూ పాటించాను. ఏం చెయ్యను?

సెలవిచ్చి, సాహూగారే నన్ను బండి మీద ఇంటి దగ్గర దింపారు. దింపినాయన ఊరుకోకుండా రమణమ్మగారికి సంగతంతా చెప్పి మరీ వెళ్ళారు.

"ఏటి బాబూ, ఇంత దుఖ్ మనసులో ఎట్టుకుని మాకు సెప్పకూడదా" అంది ఆవిడ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "ముందు తలమీద నీళ్ళోసుకో. ఈ పూట మా ఇంట్లోనే తిందువు గాని."

బాత్రూంలో నీళ్ళు పోసుకుంటూ నిర్ణయించుకున్నాను, బయటికెళ్ళగానే నిజం చెప్పేద్దామని. మంచి నిర్ణయమే. ఈలోగా ఆవిడ, గది అద్దెకిచ్చేటప్పుడు తీసుకున్న మా అమ్మ నంబరుకి ఫోన్ చేసి, "మీ రాంబాబు కొండ మీంచి పడి పోయాడంట కదమ్మా" అని ఓదార్చేసింది.

నేను తల తుడుచుకుంటూ వచ్చేసరికి ఫోన్ నా చేతిలో పెట్టింది. అవతల అమ్మ గుండెలవిసేలా ఏడుస్తోంది.

"తమ్ముడు పోతే నాకు చెప్పకుండా ఎలా ఉన్నావురా? వాడు ఫోన్ కూడా ఎత్తట్లేదు. అందరికీ కబురు చేశాను."

"అమ్మా, పోయింది మావయ్య కాదు. గుర్రం."

"చచ్చినవాణ్ణి పట్టుకుని గుర్రమంటావేంట్రా?"

"నిజంగా గుర్రమేనమ్మా. వీడియో గేములో గుర్రం. దానికి మావయ్య పేరు పెట్టాను."

అవతల ఏడుపు ఆగింది. తర్వాత అమ్మ నెమ్మదిగా, "వాడికి నువ్వే చెప్పుకో" అని పెట్టేసింది.

తల తిప్పితే రమణమ్మగారు గరిటె పట్టుకుని నిలబడి ఉంది.

"గుర్రమా?"

"అవునండి."

"నిజం గుర్రం కూడా కాదా?"

"కాదండి."

ఆవిడ గరిటె వంక చూసి, నా వంక చూసి, "సరేలే, పప్పూ సారూ అయిపోనాయి, సల్లారిపోతాది" అని లోపలికెళ్ళింది. తిన్నాను. ఎదుట మనిషి కూర్చుని వడ్డిస్తుంటే తిని ఎన్నాళ్ళయిందో. నేను అన్నం ఎక్కువే కలుపుకున్నాను.

అక్కడ విజయనగరంలో రాంబాబు మావయ్య, జనపనార మిల్లులో డ్యూటీ దిగి, గేటు దగ్గర పెట్టెలో పెట్టిన ఫోన్ తీసుకోవడం మర్చిపోయి ఇంటికొచ్చాడు. అరుగు మీద చుట్టాలు, గుమ్మం పక్కన దండలు. ఆయన్ని చూసి మా దొడ్డ, అంటే అమ్మకి అక్క, మూర్ఛపోయింది. మావయ్యకి పెళ్ళి కాలేదు. అంతమంది ఆయన ఇంటికి రావడం అదే మొదటిసారి. అమ్మ ద్వారా సంగతి తెలుసుకుని, తన ఫోన్ కోసం కూడా ఆగకుండా, తిన్నగా రైలెక్కాడు.

మర్నాడు గుమ్మంలో ఎవరో తలుపు కొట్టారు. రమణమ్మగారు తీసింది.

"నమస్కారమండి. నేను రాంబాబుని."

ఆవిడ రెండడుగులు వెనక్కి వేసి, "బాబూ, మీ గుర్రం వొచ్చినాడు" అని కేకేసింది.

మావయ్య నా గదిలో మంచం మీద కూర్చుని చుట్టూ చూశాడు. ఒక గ్లాసు, ఒక కంచం, ఒక కుర్చీ. తిడితే బాగుండుననుకున్నాను.

"ఏడిశావంట గదరా. నిజమేనా?"

"నిజమే మావయ్యా."

"నా పేరు మీదే గదా?"

"నీ పేరు మీదే."

"నానెల్లిపోతే ఏడిసేవోడు ఎవుడున్నాడా అనుకునేవోణ్ణి" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. నేను నేల వైపు చూస్తూ, గుర్రం ఎలా పోయిందో చెప్పాను. విని ఇటు తిరిగి, "అది సరేగానీ, సుట్టూ తిరిగి ఎల్లే దారుండగా నన్ను లోయలోకి ఎందుకు దూకించావురా?" అన్నాడు.

మావయ్య రెండు రోజులుండి వెళ్ళిపోయాడు. స్టేషన్ నుంచి వచ్చేసరికి గది మునుపటికంటే పెద్దదిగా కనిపించింది. ల్యాబ్‌లో నిజం తెలిశాక సాహూగారు పెద్దగా ఏమీ అనలేదు. కానీ ఆ చలికాలం నాకు జ్వరమొచ్చి కళ్ళు ఎర్రబడితే, "ఈసారి ఏ జంతువు బేటా?" అని అడిగి తన పని చూసుకున్నారు.

అందుచేత సకల జనుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక మీదట ఏ ఆటలోనైనా సరే, గుర్రానికీ, కుక్కకీ, కోడిపెట్టకీ చుట్టాల పేర్లు పెట్టను. స్నేహితుల పేర్లు పెట్టను. ఇంటి ఓనర్ల పేర్లు అసలే పెట్టను. మాట తప్పలేదు కూడా. ఈ ఏడాది నాకు అన్నిటికంటే నచ్చిన ఆటలో ఒక గాడిద ఉంది. దానికి నా పేరే పెట్టుకున్నాను. పోతే ఏడవాల్సింది నేనొక్కణ్ణే, ఎవరికీ ఫోన్ చెయ్యక్కర్లేదు.